పాసుబుక్కుకు పెట్టుబడి, చెమటకు అప్పు

2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ అంటూ రాష్ట్రంలో 46 లక్షల 85 వేల పైచిలుకు రైతు కుటుంబాల ఖాతాల్లో 7 వేల రూపాయలు వేశారు. రాష్ట్రం 5 వేలు, కేంద్రం 2 వేలు. ఏడాదికి 20 వేలన్న లెక్కలో అది మొదటి విడత. మంచిదే. రైతుకు డబ్బిస్తే మనం కాదనం. కానీ ఎన్ని ఖాతాల్లో పడిందన్నది లెక్క కాదు. బురదలో దిగిన చేతికి ఎంత ముట్టిందన్నదే లెక్క.

దెందులూరు చేలల్లోకి వచ్చి చూడండి. పాసుబుక్కులో పేరున్న ఆసామి ఏలూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు. దమ్ము చేయించేదీ, ఎరువుకి అప్పు తెచ్చేదీ, గాలివానకి పడిపోయిన చేను చూసి ఏడ్చేదీ కౌలుదారు. పంట పోయినా మక్తా బస్తాలు కొలవాల్సిందే. ఊడ్పులు ఊడ్చేదీ, కలుపు తీసేదీ మన పేటల ఆడవాళ్ళు. పీఎం కిసాన్ 2019లో వచ్చింది మొదలు భూమి పేరున్న కుటుంబానికే. అందులో కౌలుదారు లేడు. కూలీ అసలే లేదు.

2019లో రైతు భరోసా కింద భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకి 13,500 అన్నారు. అది ముందడుగే. కానీ ఆ ఏడాదే తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టంలో మెలిక పెట్టారు. ఆసామి సంతకం చేస్తేనే కార్డు. అదీ 11 నెలలకే. కార్డు వల్ల భూమి మీద హక్కు రాదని చట్టమే చెబుతోంది. అయినా ఆసామికి భయం. గట్టిగా అడిగితే వచ్చే దాళ్వాకి చేను ఇంకొకడికి పోతుంది. ఇక నోరెత్తేదెవరు?

ఈ ఆట మనకి కొత్త కాదు. 1970లలో కొల్లేటిలో చేపల చెరువులకి పేదల పేరున సొసైటీలు పెట్టారు. కాలక్రమంలో చెరువులు డబ్బున్నవాళ్ళ చేతుల్లోకి పోయాయి. అక్కడ కాగితం మనది, చెరువు వాళ్ళది. ఇక్కడ చెమట మనది, కాగితం వాళ్ళది. ఎటు తిప్పినా ఫలం అటే.

తెలంగాణలో 2018 రైతుబంధు ఎకరాకి, పంటకి 4 వేలిచ్చింది. 20 ఎకరాలున్నవాడికి ఒక్క పంటకే 80 వేలు, భూమిలేనివాడికి సున్నా. అక్కడే 2025 జనవరి 26న భూమిలేని కూలి కుటుంబాలకి ఏడాదికి 12 వేలంటూ ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టారు. అమలు మాట అటుంచితే, కూలి కూడా సేద్యంలో మనిషేనని ఒక సర్కారు కాగితం మీదయినా ఒప్పుకుంది. మన సర్కారుకి నోరెందుకు రాదు?

అన్నలారా, అక్కలారా! మనం అడగాల్సింది ఇదీ. ఎవరు సాగు చేస్తున్నారో గ్రామసభలో ఊరి ముందు తేల్చాలి. ఆసామి సంతకం లేకుండా కార్డివ్వాలి. కూలి కుటుంబాలకీ సాయం అందాలి. పేర్ల జాబితా పేటలోనే చదవాలి.

అయితే ఒకటి మరవొద్దు. 1947లోనే బాబాసాహెబ్ భూమిని ప్రభుత్వపరం చేసి, కులభేదం లేకుండా ఊరివాళ్ళకి సాగుకివ్వాలని రాశాడు. 20 వేలంటే రోజుకి 55 రూపాయలు. అది తీసుకుందాం. కానీ డబ్బు పంచడం భూమి పంచడానికి బదులు కాదు.