మారు వడ్డన

కిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు చేతిలో కాగితాల కట్టతో దిగబడ్డాడు. వాడు ఉన్న ఉద్యోగం మానేసి, ఆరునెలలుగా ఇడ్లీ పిండీ, దోసె పిండీ ఇంటింటికీ పంపే వ్యాపారం చేస్తున్నాడు లెండి. రాత్రి ఫోనులో నొక్కితే తెల్లవారేసరికి గుమ్మంలో పొట్లం ఉంటుంది.

"మావయ్యా! ఒక పెట్టుబడి సంస్థవారు కోటి రూపాయలు ఇస్తామన్నారు. బుధవారంలోగా సంతకం పెట్టాలి. నువ్వొకసారి చదివిపెట్టు" అన్నాడు.

నేను తెలుగు ఎమ్మేని. సంధులూ, సమాసాలూ విడదీయడం వచ్చుగాని ఒప్పంద పత్రాలు విడదీయడం నాకెక్కడ వస్తుంది? అయినా మేనమామని గదా! కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి కొంత బోధపడింది.

అది అప్పు కాదు, వడ్డీ లేదు. కోటికి బదులు కంపెనీలో పావు వాటా వాళ్ళది. అంటే ఆ కోటితో కలిపి కంపెనీ ఖరీదు 4 కోట్లని కట్టారన్నమాట. మావాడు ఆ అంకె చూసుకుని మురిసిపోతున్నాడు. కాని ఆ కిందనే ఇంకో షరతు ఉంది. రేపెప్పుడైనా కంపెనీని అమ్మేస్తే ముందు వాళ్ళ కోటి వాళ్ళు తీసుకోవచ్చు, మిగిలితేనే మిగతావాళ్ళకు. కోటికే అమ్ముడుపోయిందా, మావాడికి దక్కేది సున్న!

ఇందులో మోసమేమీ లేదు. వాళ్ళ చేతిలో ఉన్నదీ చాలావరకు పరుల సొమ్మే. సాధారణంగా పదేళ్ళు, ఆ పైన రెండు మూడేళ్ళలో లాభంతో తిరిగి అప్పజెప్పాలి. పదిచోట్ల పెడితే చాలా వాటిలో ఏమీ మిగలదు. ఒకటో రెండో విపరీతంగా పెరిగి ఆ నష్టమంతా పూడ్చాలి. అందుచేత, నిదానంగా నడుస్తూ ఇల్లు గడిపే కొట్టు ఎంత మంచిదైనా వాళ్ళకు ఆనదు.

"అప్పుడే రెండువేల ఇళ్ళవాళ్ళు కొన్నారు మావయ్యా!" అన్నాడు వాడు.

కాఫీ తెచ్చిన మా ఆవిడ అక్కడే ఆగింది. "సగం ధరకిచ్చినప్పుడు నేనూ కొన్నానురా. పూర్తి ధర పెట్టి మళ్ళీ కొన్నవాళ్ళెందరు?"

వాడు తెల్లమొహం వేశాడు.

"విందుకు పిలిస్తే అందరూ వస్తారు. వంట ఎలా ఉందో మారు వడ్డన అడిగినప్పుడు గదా తెలిసేది!" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

నాకు రెడ్‌బస్ సంగతి జ్ఞాపకం వచ్చింది. 2005 దీపావళికి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామా అనే మన తెలంగాణ కుర్రవాడికి ఇంటికి రావడానికి బస్సు టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ఏ ఏజెంటుకూ పూర్తిగా తెలియదు. మరుసటి ఏడు అతనూ, స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరీ కలిసి రెడ్‌బస్ ప్రారంభించారు. వాళ్ళు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ బస్సుల యజమానులు వద్దన్నారు. "పోనీ, కొన్ని సీట్లివ్వండి, అమ్మిపెడతాం" అన్నారు వీళ్ళు. ఆఫీసుల ముందు నిలబడి కార్డులు పంచారు. అలా సీట్లు అమ్మి చూపించాక, 2007లో సీడ్‌ఫండ్ సంస్థ దగ్గరకు వెళ్ళారు. 30 లక్షలు చాలునని వీళ్ళనుకుంటే, లెక్కలు చూసి వాళ్ళే 3 కోట్లు పెడతామన్నారట! 2013లో ఆ కంపెనీని ఐబిబో వారు కొన్నారు. ముందు ప్రయాణీకుడు, ఆ తరువాత పెట్టుబడి. వరస అదీ.

ఆ సాయంత్రం మా వరండాలో కూచోబెట్టి వాడిచేత, ఒకసారి కొని మానేసిన ఇరవైమందికి ఫోను చేయించాను. పదకొండుమంది ఒకటే మాట: పిండి పులిసిపోతోంది. మా పక్కింటావిడయితే, "చెబుదామని మూడుసార్లు ఫోను చేశాను బాబూ, ఎత్తిన పాపాన పోలేదు" అంది. సాయంత్రం రుబ్బిన పిండి తెల్లవార్లూ ఉక్కలో బండిలో ఉంటే పులవక ఏం చేస్తుంది? రెండువేల ఇళ్ళ లెక్క వాడి దగ్గరుంది. ఈ ఒక్క సంగతి లేదు. కోటి రూపాయలూ వస్తే ఆ పులిసిన పిండినే పది ఊళ్ళకు పంపేవాడు.

బుధవారం వాడు సంతకం పెట్టలేదు. మూడునెలలు ఆగమని అడిగితే సంస్థవారు కుదరదన్నారు. మా అక్కయ్య ఫోను చేసి, "నీ తెలుగు చదువుతో నా కొడుకు నోటిదగ్గర కోటి పడగొట్టావు గదరా!" అని కంటతడి పెట్టుకుంది. ఆ మాటే నిజమవుతుందేమోనని నాకూ నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు.

వాడిప్పుడు తెల్లవారుజామున రుబ్బించి, మంచు పెట్టెల్లో పంపుతున్నాడు. ఫోను తనే ఎత్తుతున్నాడు. నిన్న పొద్దున పక్కింటి గుమ్మంలో పొట్లం కనిపించింది.

"మళ్ళీ సగం ధర పెట్టారాండీ?" అన్నాను ఉండబట్టలేక.

"లేదండీ, పూర్తి ధరే. రేపటికి రెండు చెప్పాను, మా చెల్లెలు వస్తోంది" అందావిడ.

కోటి రూపాయలకు రెండు పొట్లాలు బదులు కావని నాకూ తెలుసు. అయినా ఈ సంగతి అక్కయ్యతో చెప్పాలి. ఫోను చెయ్యడానికే ఇంకా ధైర్యం చాలడం లేదు.