గుడి కట్టుకున్నారు, దర్బారు మాటేమిటి?

కేస్లాపూర్ నాగోబా గుడిని సర్కారే కట్టించిందని ఈ వారం మా ఏ.ఎస్. రావు నగర్‌లో చదువుకున్న పెద్దాయన ఒకరు ధీమాగా అన్నారు. వింటే మనసు చివుక్కుమంది. మెస్రం వంశీయులు చందాలేసుకుని, దాదాపు 5 కోట్ల రూపాయలు పోగుచేసి కట్టుకున్న గుడి అది. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. సేద్యం మీద బతికే గోండు కుటుంబాల కష్టార్జితాన్ని ఇంకొకరి ఖాతాలో రాయకండి.

అక్కడ బాగుచేయాల్సింది నాగోబా జాతరలో జరిగే దర్బారు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల గోడేమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టారు. పుష్యమాసపు జాతరకు ఊళ్లన్నీ ఎలాగూ చేరతాయి కనుక అధికారులనే కేస్లాపూర్‌కు రప్పించి, జనం మొర అక్కడే వినే ఈ దర్బారు ఆనవాయితీ తెచ్చారు.

ఇప్పుడు వేదిక పెద్దదైంది, దండలు, ప్రసంగాలతోనే పొద్దు గడిచిపోతోంది. పోడు పట్టా అడిగినవాడు మరుసటి ఏడాదీ అదే కాగితం పట్టుకుని నిలబడుతున్నాడు. గోడలకు రంగులేసి, టైల్స్ పరిచి దర్బారును నిలబెట్టామంటే నేనొప్పుకోను. నిరుటి అర్జీల్లో ఎన్ని తేలాయో, ఎన్ని ఎందుకు ఆగాయో కలెక్టరు ముందుగా చదివి వినిపించాలి. గూడేల పటేళ్లు, గోండుల పంచాయతీలైన రాయ్ సెంటర్ల పెద్దలు సార్‌మేడీలు ముందు వరసలో కూర్చోవాలి. గ్రామసభ మాటకు విలువనిచ్చిన పెసా చట్టం 1996 నుంచీ ఉంది. కేస్లాపూర్ ఉన్నది ఇంద్రవెల్లి మండలంలోనే. 1981 ఏప్రిల్ 20న భూముల గోడు చెప్పుకోవడానికి ఇంద్రవెల్లికి వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కల్లోనే 13 మంది పోయారు. ఆ నేల మీద అర్జీని పక్కన పడేయడం చిన్న తప్పు కాదు.

పట్నంలో మన సంగతి మాత్రం ఏం బాగుంది? ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త పేరు పెట్టుకున్న మా కాలనీలో డ్రైనేజీ గురించి నలుగురం కూర్చుని మాట్లాడుకుందామంటే చోటుండదు. కమ్యూనిటీ హాలు ఎప్పుడడిగినా పెళ్లికో, బారసాలకో బుక్కయి ఉంటుంది. వార్డు కమిటీలు పెట్టమని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పింది. మీ వార్డులో ఆ కమిటీ ఎప్పుడైనా కూర్చుందా? కనుక్కోండి.

నెలకో ఆదివారం ఆ హాళ్లను అద్దెకివ్వకుండా కాలనీ సభలకు వదలాలి. వచ్చే పుష్యమాసానికి కేస్లాపూర్‌లో అర్జీల లెక్క చదవాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.