మంచి చక్రవర్తి - ఎవరికి మంచి?

రోమన్ చరిత్ర పరీక్షకు చదివిన వాళ్ళనెవర్నైనా నిద్రలేపి అడగండి. నీరో దుర్మార్గుడు, ట్రాజన్ ధర్మప్రభువు అని ఠక్కున చెప్పేస్తారు. జవాబు తప్పని నేననను. కాని ఈ మార్కులు వేసిన పరీక్షాధికారులెవరో కూడా కాస్త విచారించాలి గదా!

వారిలో టాసిటస్ సెనేటర్. కాసియస్ డియో సెనేటర్. స్యుటోనియస్ సెనేటర్ కాకపోయినా హేడ్రియన్ కొలువులో కార్యదర్శిగిరీ చేసిన పెద్దమనిషి. చక్రవర్తి తమను గౌరవంగా పలకరించాడా, రాజద్రోహం పేరిట తమవాళ్ళను చంపించాడా అన్నదే ఈ వర్గానికి ముఖ్యం. తప్పు పట్టలేం, తెగిన తలలు వాళ్ళవే! అయితే ఎక్కడో ఈజిప్టులో గోధుమ పండించి రోమ్‌కు పంపే రైతుకు ఈ గొడవతో ఏం పని?

డొమీషియన్ సంగతే చూడండి. క్రీ.శ. 81 నుంచి 96 వరకు ఏలాడు. సెనేటర్లను చంపించాడు. చివరకు తన మందిరంలోనే హత్యకు గురయ్యాడు. పోయాక అతని పేరును శాసనాల మీదనుంచి చెక్కి పారేశారు. ఇంతా చేసి, అతన్ని దుమ్మెత్తిపోసిన స్యుటోనియసే ఒకచోట ఒప్పుకుంటాడు - రాష్ట్రాల గవర్నర్లు అతని కాలంలో ఉన్నంత న్యాయంగా మరెప్పుడూ లేరని. తింటే ఊరుకోడన్న భయం మరి! టైబీరియస్‌దీ అదే కథ. క్రీ.శ. 17లో ఆసియా రాష్ట్రంలో భూకంపానికి 12 పట్టణాలు కూలితే వాటికి అయిదేళ్ళ పన్ను వదిలేశాడు. పన్నులు పెంచమన్న గవర్నర్లకు, మంచి కాపరి ఉన్ని కత్తిరిస్తాడు గాని తోలు ఒలవడని జవాబిచ్చాడట. (మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఈయనవీ ఉన్నాయి.) అయినా జనం నోట మిగిలింది కాప్రీ దీవిలో దాక్కున్న ముసలి క్రూరుడే.

కాలిగ్యులాను, నీరోను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు చెడ్డవాళ్ళే. నేననేది, మనిషి గుణం దగ్గరే ఆగిపోతే అసలు జబ్బు కనబడదని. క్రీ.పూ. 27లో అగస్టస్ రాజరికాన్ని రిపబ్లిక్ ముసుగులో నడిపించాడు. రాజు లేడని నటించాక వారసత్వానికి చట్టం ఎలా రాస్తారు? చెడ్డవాణ్ణి దించే చట్టమూ లేకపోయె. ఇక మిగిలింది కత్తి. 193లో అంగరక్షక దళం పెర్టినాక్స్‌ను చంపి సింహాసనాన్ని వేలం వేసింది! సిపాయికి 25,000 సెస్టర్సుల చొప్పున పాడుకున్న డిడియస్ జూలియానస్ రెండు నెలలు దాటి కొద్ది రోజులకే హతుడయ్యాడు.

మార్కస్ ఆరీలియస్‌ను అందరూ మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. డాన్యూబ్ తీరాన యుద్ధం చేస్తూ, గ్రీకు భాషలో తనకు తాను నీతి చెప్పుకున్న మనిషి ఆయన. కాని 177లో కొడుకు కమోడస్‌ను సహచక్రవర్తిని చేసిందీ ఆయనే. అంతకు ముందువారు సమర్థుల్ని దత్తు తీసుకున్నారని పుస్తకాలు పొగుడుతాయి. నెర్వా మొదలు ఆంటోనినస్ దాకా నలుగురికీ గద్దెనెక్కే కొడుకు లేకపోయాడన్న మాట మాత్రం చిన్నక్షరాల్లో ఉంటుంది. అది విధానం కాదు, అదృష్టం. కొడుకును పక్కనపెడితే అంతర్యుద్ధం వచ్చేదంటారు. రావచ్చు. అదే నా ఫిర్యాదు కూడా. అంత వివేకికి సైతం మంచి దారి మిగల్చని ఏర్పాటు అది.

ప్రజలు చక్రవర్తి నుంచి ఏం ఆశించారో డియో చెప్పిన ఒక చిన్న కథ వల్ల తెలుస్తుంది. దారిన పోతున్న హేడ్రియన్‌ను ఒక స్త్రీ ఏదో మొర వినమన్నది. తీరిక లేదన్నాడు. అయితే రాజుగా ఉండకు పో, అని కేక వేసింది. ఆయన వెనక్కి తిరిగి వచ్చి విన్నాడట. ఈ హేడ్రియనే 138లో చనిపోతే, తమవాళ్ళను చంపించిన కోపంతో సెనేట్ అతనికి దైవత్వం ఇవ్వనని మొండికేసింది. ఆంటోనినస్ పట్టుబట్టి ఒప్పించవలసి వచ్చింది.