గుడ్డూ, ఉప్పునీళ్ళూ, చంద్రయాత్రా

రష్యాలో 1936లో "అంతరిక్ష యాత్ర" అనే సినిమా ఒకటి విడుదలయింది. మాటలు లేని మూకీ చిత్రం. అప్పటికి మనిషి చేసిన వస్తువేదీ అంతరిక్షాన్ని చేరనేలేదు. అయినా ఆ కథలో, 1946వ సంవత్సరంలో, ఒక ముసలి ప్రొఫెసరూ, మరీనా అనే యువతీ, ఆండ్ర్యూషా అనే కుర్రవాడూ రాకెట్టులో చంద్రుడి మీదికి వెళ్ళి వస్తారు.

రాకెట్టు బయలుదేరే ముందు వీళ్ళు కుర్చీలలో కూర్చోరు. ద్రవం నింపిన గదులలోకి దిగి మునుగుతారు! ఇది చూసి సినిమావాళ్ళ తమాషా అనుకోవచ్చు. కాని దీని వెనక ఒక కోడిగుడ్డు ఉన్నది.

చిత్రం తీసిన జురవ్ల్యోవ్‌కు సలహాలిచ్చినవాడు సియోల్కోవ్‌స్కీ. ఆయన కలూగా అనే ఊళ్ళో చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాడు. చిన్నతనంలో జబ్బు చేసి చెవుడు వచ్చింది. రాకెట్టు సాయంతో అంతరిక్షంలోకి పోవచ్చునని 1903లోనే లెక్కలు కట్టి ప్రకటించిన మనిషి ఆయన.

రాకెట్టు వేగం పుంజుకునేటప్పుడు లోపలివాళ్ళకు తమ బరువు ఎన్నో రెట్లు పెరిగినట్టుంటుంది. శరీరం దాన్ని తట్టుకునేదెలా? సియోల్కోవ్‌స్కీ చెప్పిన ప్రయోగం మీరూ చేయవచ్చు. (గుడ్డు అమ్మ నడిగి తీసుకోండి. గాజుగ్లాసు వద్దు, ఇత్తడిదో స్టీలుదో చాలు.) గ్లాసులో నీళ్ళు పోసి గుడ్డును వదిలితే అడుగుకు పోతుంది. నెమ్మదిగా ఉప్పు కలుపుతూ ఉంటే గుడ్డు అడుగు వదిలి, నీళ్ళ మధ్య నిలుస్తుంది. ఇప్పుడు గ్లాసును ఎత్తి బల్లమీద దబ్బున దించండి. గుడ్డు పగలదు! నీళ్ళు లేని గ్లాసులో అయితే అంత దెబ్బకు చితికిపోయేదే. ద్రవం గుడ్డును ఏదో ఒక్క చోట గాక అన్నివైపులా సమంగా మోస్తుంది. మనిషి కూడా అలాగే నిలుస్తాడని పంతులుగారి ఊహ.

1961లో గగారిన్ నిజంగా అంతరిక్షంలోకి పోయినప్పుడు ద్రవంలో మునగలేదు, వెనక్కి వాలిన ఆసనంలో పడుకుని వెళ్ళాడు. అంత ద్రవాన్ని మోసుకుపోవటం రాకెట్టుకు పెద్ద భారం గదా! చంద్రుడి మీద గడ్డకట్టిన గాలి దొరుకుతుందని సినిమాలో చూపినది కూడా నిజం కాలేదు.

నిజమైనవీ ఉన్నాయి. బరువు లేకుండా గదిలో తేలటానికి నటులను తీగలతో వేలాడదీశారు. చంద్రుడి మీద మన బరువు ఆరో వంతే గనక అక్కడ మనుషులు గెంతుతూ పోవాలి. దానికి చిన్నచిన్న బొమ్మలను చేసి, వాటి కాళ్ళూ చేతులూ కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కొక్క ఫోటోయే తీశారు. 1969లో చంద్రుడి మీద దిగినవాళ్ళు కూడా గెంతుతూనే తిరిగారు.

సియోల్కోవ్‌స్కీ 1933లో ఈ చిత్రం కోసం బోలెడు బొమ్మలు గీసి పక్కన వివరాలు రాశాడు. అందులో ఒకటి, రాకెట్టులోంచి బయటికి పోయే గది. లోపలి తలుపు మూసి, గాలి తీసేసి, ఆ తరవాతనే బయటి తలుపు తెరవాలి. 1965లో లియోనోవ్ అటువంటి గదిలోంచే శూన్యంలోకి వెళ్ళాడు.

మూకీ చిత్రం గనక చెవిటి పంతులుగారు అందరితో సమానంగా చూసి ఆనందించి ఉండేవాడే. కాని అది విడుదల అయేసరికి ఆయన లేడు. 1935 సెప్టెంబరు 19న, డెబ్బై ఎనిమిదో పుట్టినరోజు జరిగిన రెండు రోజులకు చనిపోయాడు.