నోరు విప్పే పిల్లలు కావాలంటే తెలుగు పీరియడ్ మారాలి

విస్సన్నపేట మండల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు విజ్ఞప్తి!

తెలుగులో తొంభై మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఇంటర్వ్యూలో పేరూ ఊరూ చెప్పి ఆగిపోతోంది. మామిడికాయల బేరంలో తగ్గని రైతు, గ్రామసభలో మైకు ఇస్తే పక్కవాడికి అందిస్తున్నాడు. ‘పుట్టుకతోనే సిగ్గండీ’ అని సరిపెట్టుకుంటున్నాం.

బిడియం కొంత స్వభావమే, కాదనం. కానీ నలుగురిలో నోరు పెగలకపోవడానికి కారణాలు ఇంకో రెండున్నాయి: సమయానికి మాట తట్టకపోవడం, తప్పు దొర్లితే నవ్వుతారన్న భయం. మొదటిది భాష చదివితే పోతుంది. రెండోది మాట్లాడితేనే పోతుంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అని నాలుగు నైపుణ్యాలు చెబుతాం, పదో తరగతి పబ్లిక్ పరీక్ష మాత్రం రాతకే. అందుకే బాగా చదివినవాళ్లూ మూగనోము పడుతున్నారు.

నోరు విప్పించే దారి మనకు కొత్త కాదు. మన జిల్లాలోనే మైలవరంలో ఒకప్పుడు బాలభారతి నాటక సమాజం వెలిగింది. పద్యనాటకం ఆడేవాళ్లు ముందు పద్యం కంఠతా పడతారు, అర్థం తెలుసుకుంటారు, తోటివాళ్ల ముందు రిహార్సల్ చేస్తారు, ఆ తర్వాతే స్టేజి ఎక్కుతారు. బిడియస్తులకూ ఇదే వరుస: ముందు నేర్చిన మాట, తర్వాత సొంత మాట.

ఇక నవ్వుల సంగతి. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటూ, మిగతా రోజుల్లో తండా పిల్లల ఉచ్చారణనూ, సరిహద్దు ఊళ్ల యాసనూ ఎగతాళి చేయడం ఏం న్యాయం?

మేం కోరేవి ఇవి:

1. వారానికి ఒక తెలుగు పీరియడ్ పూర్తిగా మాట్లాడడానికే కేటాయించాలి.
2. మొదట ముగ్గురు నలుగురి గుంపులో, తర్వాత తరగతిలో, ఆపైన ప్రార్థనలో మాట్లాడించాలి. చురుకైన ఇద్దరితోనే ఏడాదంతా నడిపించకూడదు.
3. మాట మధ్యలో తప్పులు దిద్దకూడదు, యాసను వెక్కిరించనివ్వకూడదు.
4. బడి పెట్టే పరీక్షల్లో మాటకూ మార్కులుండాలి.

దీనికి కొత్త గదులు అక్కర్లేదు, కొత్త నిధులు అక్కర్లేదు. టైంటేబుల్లో ఒక గడి మారితే చాలు.

తల్లిదండ్రులారా! ఈసారి బడిలో మీటింగుకు వెళ్లినప్పుడు మార్కులతోపాటు ఇదీ అడగండి: ‘మా పిల్ల ఈ నెల తరగతిలో ఎన్నిసార్లు మాట్లాడింది?’

— విస్సన్నపేట భాషాభిమానులు