పై పూతే కదా అనుకోకండి!

"పైన రాసుకున్నదే కదా డాక్టరుగారూ, నేనేమన్నా మింగానా?" మీర్‌పేట్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్నడిగిన ప్రశ్న యిది. ఆమెకు గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ బిళ్ళ వేసుకుంటోంది. మోకాళ్ళ నెప్పులకు రెండు వారాలుగా ఘాటైన తైలం పట్టించి, గుడ్డ చుట్టి, పైన వేడినీళ్ళ కాపడం పెడుతోంది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతూంటే భయపడి వచ్చింది.

చర్మం గోడవంటిది. పైపొరలో మృతకణాలు ఇటుకలైతే, వాటి మధ్యనున్న కొవ్వు సున్నం. యీ పొర చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందమైనా వుండదు. పుదీనా పువ్వు అని మనం పిలిచే మెంథాల్, నీలగిరి తైలంలోని సినియోల్ ఆ కొవ్వు అమరికను చెదరగొడతాయి. అప్పుడు వాటితోపాటు వున్న మందు సులువుగా లోపలికి దిగుతుంది. నెప్పుల ఆయింట్‌మెంట్లలో మెంథాల్ కలపడానికి చల్లదనంతోపాటు యిదీ ఒక కారణమే. వేడి, కట్టు తోడైతే మందు మరింత దిగుతుంది.

నెప్పుల తైలాల్లో తరచు వుండే మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గర చుట్టం. అది రక్తంలో చేరితే వార్ఫరిన్ ప్రభావం హద్దు మీరుతుంది. ఆవిడకు జరిగింది అదే. తైలం మాన్పించి, రక్తపరీక్ష చూసి మోతాదు సరిచేశాక కుదుటపడింది.

కనుక యివి గుర్తుంచుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా యిటువంటి తైలాలు రాయకూడదు. రాసినచోట కాపడం పెట్టవద్దు, బిగించి కట్టవద్దు. పుండు, గజ్జి వున్నచోట అసలు వద్దు. డాక్టరు యిచ్చిన ఆయింట్‌మెంటులో సొంతంగా మరో తైలం కలపకండి.

జలుబు చేసిందని పసిబిడ్డలకు కర్పూరం కరిగించిన కొబ్బరినూనె పట్టించే అలవాటు మన యిళ్ళల్లో వుంది. పిల్లల చర్మం పలచన. కర్పూరం ఎక్కువగా లోపలికి పోతే ఫిట్స్ రావచ్చు. రెండేళ్ళలోపు బిడ్డకు కర్పూరం, నీలగిరి తైలం రాయనే వద్దు. సీసాలు అందకుండా దాచండి. ఒక టీస్పూను వింటర్‌గ్రీన్ తైలం మింగితే యిరవై ఆస్పిరిన్ బిళ్ళలు మింగినంత ప్రమాదం. అటువంటిది జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయక, సీసాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బిళ్ళలే కాదు, పూతమందులు కూడా చెప్పండి.