పగిలిన తెర వెనుక మాటలు

ఇటీవల మా అమ్మాయి తిరుపతి నుండి చిత్తూరుకు సెలవులకు వస్తుండగా, ఆమె ఈ-రీడర్ బస్సులో జారిపడి తెర పగిలింది. తెర మార్పించే ఖర్చు కొత్తదాని వెలకు దగ్గరగా ఉండడంతో, అదే రకపు కొత్త పరికరం కొన్నాము. పుస్తకాలు మళ్ళీ దొరుకుతాయి. కాని, “అమ్మీ, దాదీమా మాటలు పోయినట్లేనా?” అన్న బిడ్డ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయింది.

మా అత్తగారి దక్కనీలో ‘నక్కో’, ‘హౌ’, ‘కైకూ’ వంటి మాటలెన్నో ఉండేవి. తెలుగు మాధ్యమంలో చదివిన మా పిల్లలకు ఉర్దూ లిపి రాదు. అందువల్ల ఆమె చెప్పిన మాటలను తెలుగు లిపిలో వ్రాసి, అర్థాలు చేర్చి, చిన్న నిఘంటువుగా కూర్చి ఆ పరికరంలో ఉంచాము. నిరుడు ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. నిఘంటువుకు వేరొక ప్రతి తీసి ఉంచకపోవడం మా అజాగ్రత్తే.

కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రచురించాడు. వకీలు, తారీఖు, హక్కు, జవాబు వంటి మాటలు అరబీ నుండి వచ్చి తెలుగువారి నిత్యవ్యవహారంలో స్థిరపడ్డాయి. కచేరీ మాటలకు అట్టి గ్రంథకర్తలు దొరికారు. వంటింటి మాటలను వ్రాసిపెట్టవలసినది మాత్రం ఆ ఇంటివారే.

తెర పగిలినంత మాత్రాన లోపలి నిల్వ చెడిపోనవసరం లేదు. పాత పరికరాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపాము. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుల్ ఇందుకు చాలదు. అనుసంధానానికి అనుమతి తెలిపే మీట నల్లబడిన తెరపై కనిపించలేదు. కొత్తదానిలో ఆ మీట ఎక్కడ ఉన్నదో చూసి, పాతదానిపై అదే చోట నొక్కగా పని జరిగింది.

మేము వాడే ‘కోరీడర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ‘డేటా’ ఫోల్డర్ లోపలి ‘డిక్ట్’ ఫోల్డర్‌లో నిఘంటువులు ఉంటాయి. కొన్ని పరికరాలలో ఆ ఫోల్డర్లు దాగి ఉంటాయి గనుక, దాగినవాటిని చూపే ఏర్పాటును కంప్యూటర్‌లో ముందుగా ఎంచుకోవాలి. ఒక్కొక్క నిఘంటువుకు ‘ఐఎఫ్ఓ’, ‘ఐడిఎక్స్’, ‘డిక్ట్’ అనే మూడు ఫైళ్ళు ఒకే పేరుతో ఉంటాయి. వాటిలో ఒకటి విడిచినా నిఘంటువు తెరుచుకోదు. మూడింటినీ మొదట కంప్యూటర్‌లో భద్రపరచి, కొత్త పరికరంలో కోరీడర్‌ను స్థాపించి, అదే ఫోల్డర్‌లో చేర్చాము. వెల ఇచ్చి కొన్న నిఘంటువుల సంగతి వేరు. అవి కొన్నవారి ఖాతాకు ముడిపడి ఉంటాయి గనుక, అదే ఖాతాతో మళ్ళీ దింపుకోవాలి.

ఆ సాయంత్రం అమ్మాయి ‘నక్కో’ అని వెతకగానే ‘వద్దు’ అన్న అర్థం కొత్త తెరపై కనిపించింది. దాని క్రింద, దాదీమా ఆ మాటను ఎప్పుడెప్పుడు అనేవారో మేము వ్రాసుకున్న వాక్యం కూడా ఉన్నది. చదివి అందరమూ నవ్వుకున్నాము, కన్నులు చెమర్చాయి.

ఇప్పుడు ఒక ప్రతి కంప్యూటర్‌లో, మరొకటి నోటుపుస్తకంలో ఉన్నాయి. మీ ఇంట పెద్దలుంటే, ఈ నెలలో వారి దగ్గర కూర్చొని పది మాటలైనా వ్రాసుకోండి. పరికరం పగిలితే మరొకటి కొనగలం. చెప్పేవారు వెళ్ళిపోయాక ఆ మాటలను ఎవరిని అడుగుతాము?